మా పాప ఎడం చెయ్యి తెరిపించినవాళ్లకు

మొన్న ముక్కనుమ నాడు మా పాప పంచదార చిలకని ఎడం చేత్తో అందుకుంది. కుడి చేతిలో అప్పటికే ఒకటుంది. రెండోది చూపిస్తే కుడి చేతిలోది వదల్లేదు. ఎడం చెయ్యి చాపింది, ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పింది, పట్టుకుంది. నోట్లో పెట్టుకోకముందే నేను తీసేసుకున్నాను గానీ, వంటింట్లోంచి మా అత్త పరుగున వచ్చి ఆ చేతిని కళ్లకద్దుకుంది. చూసేవాళ్లకి ఇదేమంత విషయం కాదు. మాకు మాత్రం అయిదు నెలల కష్టం. అది మా ఒక్కరి కష్టం కాదు కాబట్టే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. సాయం చేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు. వాళ్ల మాట మన్నిస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. పాప 2025 ఫిబ్రవరి 9న పుట్టాలి. 2024 డిసెంబరు 15నే పుట్టేసింది, అంటే ఎనిమిది వారాలు ముందు. పుట్టినప్పటి బరువు 1,580 గ్రాములు. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే ఆస్పత్రిలో పసికందుల ప్రత్యేక వార్డులో, 23 రోజులున్నాం. అక్కడి సిస్టర్లకి నా మొదటి దండం. పాపని బట్టల్లేకుండా, టోపీ, డైపరుతో నా గుండెల మీద పెట్టి, చుట్టూ గుడ్డ కట్టి, గంటల తరబడి అలాగే ఉండమనేవారు. కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి అని తర్వాత తెలిసింది. నాకు అప్పుడు తెలిసింది ఒకటే, పాప ఊపిరి నా ఊపిరితో కలిసేది. ఇంకొక సిస్టర్ నాలుగో వారంలోగా కళ్ల పరీక్ష చేయించేదాకా నన్ను వదల్లేదు. నెలలు నిండని పిల్లలకి కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరగొచ్చు, బయటికి ఏమీ కనబడదు, వేళకి చూడకపోతే చూపు పోవచ్చు. మా పాప కళ్లు బాగున్నాయి. చెవుల పరీక్షా అయింది. అక్కడ పక్క మంచం మీదున్న పలాస అమ్మాయి నాకు పాలు పిండడం నేర్పింది. తల్లీ, నువ్వు ఈ మాటలు చదువుతావో లేదో తెలియదు, నీ బాబు కూడా బాగున్నాడని అనుకుంటున్నాను.

ఇంటికొచ్చాక అసలు కంగారు మొదలైంది. మన ఇళ్లలో ఏడాదిలోపు పిల్లల ఎదుగుదలకి కార్డులూ పట్టికలూ రాకముందు నుంచే ఒక లెక్కుంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగేస్తే అరిసెలు, పలికితే చిలకలు, గడప దాటితే గారెలు. ఒక్కో మెట్టుకీ ఒక్కో పిండివంట, అది వీధంతా పంచడం. దానివల్ల ఎవరింట్లో పిల్ల ఎప్పుడు ఏం చేసిందో ఊరందరికీ తెలుస్తుంది. ఇప్పుడు ఆలోచిస్తే అది చాలా గొప్ప ఏర్పాటనిపిస్తుంది. కానీ మా పాప మూడో నెల దాటినా నవ్వకపోతే, అదే లెక్క మా గుండెల మీద బండై కూర్చుంది. మా అత్త రోజూ దాని ముందు కూర్చుని, "ఏటమ్మా, నా మొకం సూసి నవ్వవేటి? నానేం తప్పు సేసినాను?" అనేది.

అప్పుడు మా ఊరి ఆశా అక్క వచ్చింది. మూడో నెల చూపుకి వచ్చి, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసి, వేళ్లు మడిచి లెక్క చెప్పింది. "అత్తా, నీ మనవరాలు డిసెంబర్లో వచ్చీసింది గానీ రావాల్సింది ఫిబ్రవరిలో కదా. ఆ రెండు నెలలూ తీసీసి లెక్కెట్టు. ఇప్పుడు దానికి మూడు నెల్లు కాదు, ఒకటే." నవ్వు అనేది ఆరు నుంచి ఎనిమిది వారాలకి వస్తుంది. ఆ వారాలు లెక్కపెట్టాల్సింది డాక్టరు చెప్పిన పురుడు తేదీ నుంచి. రెండేళ్లు వచ్చేదాకా ఈ సవరించిన వయసే చూడాలంది. టీకాలకి మాత్రం కాదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే 6, 10, 14 వారాలకి వేయించాలి. ఆ ముక్క చెప్పకపోయి ఉంటే నేను టీకాలు కూడా రెండు నెలలు వెనక్కి జరిపేసేదాన్ని.

ఉగాది పొద్దున్న పాప నవ్వింది. వట్టి నిద్రలో నవ్వు కాదు, మా అత్త కళ్లలోకి చూసి నోరంతా తెరిచి నవ్వింది. పచ్చడి కలపడం మానేసి నువ్వులు వేయించింది మా అత్త.

ఇక్కడిదాకా అయితే ఈ ఉత్తరం చిన్నదయ్యేది. ఆ తర్వాత మేం చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఆ లెక్క మాకెంత ధైర్యమిచ్చిందంటే, ప్రతిదానికీ అదే జవాబు చెప్పుకున్నాం. మెడ ఆలస్యంగా నిలబెట్టింది, రెండు నెలలు తక్కువ కదా. బోర్లా పడట్లేదు, రెండు నెలలు తక్కువ కదా. ఎడం చెయ్యి పిడికిలి విప్పట్లేదు, అదీ అందుకే అనుకున్నాం. పైగా ఏ బొమ్మ చూపించినా కుడిచేత్తోనే అందుకునేది. మా ఇంట్లో అది గొప్ప. "సూసినావా, ఎవులూ సెప్పకండానే కుడిసెయ్యి సాపుతున్నాది, బుద్దిమంతురాలు" అని మా అత్త, నేను, పక్కింటివాళ్లు, అందరం మెచ్చుకున్నాం. ఎడమకి బొమ్మ ఇస్తే పట్టుకోదు, తల తిప్పి కుడిచేత్తో లాక్కుంటుంది. దాన్ని తెలివి అనుకున్నాం.

నాకు లోపల ఎక్కడో గుబులుండి జూలైలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లి అడిగాను. "నెలలు తక్కువ పిల్ల కదమ్మా, అన్నీ వాటంతటవే వస్తాయి" అన్నారు. చెయ్యి పట్టుకుని చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు కావలసిన మాటే అది. హాయిగా ఇంటికొచ్చేశాను.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు, ఆగస్టు 7న, ఆశా అక్క పాప బరువు చూడ్డానికి వచ్చింది. ఆవిడ రావాల్సిన నెల కాదది. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకి ఇంటికొచ్చి చూడాలని ఉంటుంది వాళ్లకి. దారిలో వెళ్తూ ఆగిందంతే. గిలక్కాయ ఇచ్చింది. పాప కుడిచేత్తో అందుకుంది. మేం మురిసిపోయాం. అక్క మురవలేదు. గిలక్కాయ తీసుకుని ఎడం పక్క పెట్టింది. మళ్లీ కుడిచెయ్యే వచ్చింది. కుడిచేతిని మెల్లిగా పట్టుకుని మళ్లీ పెట్టింది. పాప ఏడ్చింది గానీ ఎడం పిడికిలి విప్పలేదు.

"దీనికి నీళ్లెవరు పోస్తారు?" అని అడిగింది. మా అత్త పోస్తుంది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని. "ఎడం సెయ్యి తెరవనివ్వదమ్మా, గట్టిగా ఉంటాది, సంకలో నలుగెట్టనీదు, మొండిది" అంది అత్త. అక్క రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాతో మెల్లిగా చెప్పింది. ఏడాదిలోపు పిల్లలకి చెయ్యివాటం ఉండకూడదు. కుడైనా, ఎడమైనా. ఆ వయసులో రెండు చేతులూ సమానంగా రావాలి. ఒకటే వస్తోందంటే రెండోదానికి ఏదో అడ్డుంది. నాలుగు నెలలు దాటితే పిడికిళ్లు మామూలుగా విప్పుకుని ఉండాలి. ఆ రెండు నెలలూ తీసేసినా పాపకి ఆరు నెలలు నిండొచ్చాయి. "నెలలు తక్కువైతే రెండు చేతులూ కలిసి ఆలస్యమవ్వాలి. ఒక్క చెయ్యే ఎందుకు ఆలస్యమవుద్ది?" అంది.

అక్కా, ఆ ఒక్క ప్రశ్నకి నేను నీకెలా రుణం తీర్చుకోను? ఆలస్యం వేరు, ఒక పక్కకే ఉండడం వేరు. డిగ్రీ చదివిన నాకు తట్టలేదు.

సోమవారం శ్రీకాకుళంలో జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి ఆవిడే తోడొచ్చింది. డీఈఐసీ అంటారు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని చూస్తారు, పైసా తీసుకోరు. అక్కడి డాక్టరుగారు పాప కండరాలు, మెడ, కాళ్లు అన్నీ తీరిగ్గా చూసి, మెదడులో కుడివైపు దెబ్బ తింటే ఎడం చేతి మీద పడుతుందని, నెలలు నిండని పిల్లల్లో అలా జరగొచ్చని చెప్పారు. నేను అప్పటికే ఫోన్‌లో వెతికి సెరిబ్రల్ పాల్సీ అనే మాట చదివేసి ఉన్నాను. ఏడుస్తూ అడిగాను. "పేరు సంగతి తర్వాత చూద్దాం. పేరు కోసం ఆగక్కర్లేదు, పని ఈరోజే మొదలుపెడదాం. ఈ వయసులో మెదడు నేర్చుకున్నంత వేగంగా మళ్లీ ఎప్పుడూ నేర్చుకోదు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ నడిచాను.

ఫిజియోథెరపీ మేడం నేర్పినవి కొన్ని ఇక్కడ రాస్తాను. మా పాపకి చెప్పినవి, మీ పిల్లకి ఏం కావాలో మీ డాక్టరు చెప్పాలి. పిడికిలి విప్పడానికి వేళ్లు పట్టి లాగకూడదు. చెయ్యి వెనక పక్క చిటికెన వేలి వైపు నుంచి మెల్లిగా రాస్తే అదే విప్పుకుంటుంది. ఎడం మణికట్టుకి చిరుగజ్జెలు గట్టిగా కుట్టిన గుడ్డ పట్టీ కట్టి, మేం పక్కనే కూర్చోవడం. చెయ్యి కదిలితే చప్పుడు, ఆ చప్పుడుకి అది తిరిగి చూస్తుంది, ఆ చెయ్యి తనదేనని తెలుస్తుంది. కుడిచేతిలో ముందే ఏదో ఒకటి పెట్టి ఉంచడం. స్టీలు చెంబు, పెద్ద బంతి లాంటి, రెండు చేతులూ లేకపోతే లేవనివి ఇవ్వడం. అరచేతికి రకరకాల స్పర్శ తగిలించడం, పళ్లెంలో చోళ్లు (రాగులు), పట్టుగుడ్డ, మా అత్త దాచుకున్న పొందూరు ఖద్దరు ముక్క. మెలకువగా ఉన్నప్పుడు మేం పక్కనుండి బోర్లా పడుకోబెట్టడం, నిద్రకి మాత్రం వెల్లకిలా. మా ఆయన హైదరాబాదులో పనిచేస్తారు. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తారు. ఫోను ఎప్పుడూ పాప ఎడం పక్కే పెట్టమన్నారు మేడం. నాన్న గొంతు అటు నుంచి వస్తే పిల్ల అటు తిరగాలని. దూరాన ఉన్న ఆయనకి కూడా చికిత్సలో ఒక పని దొరికింది, ఆ ఆలోచన వచ్చినందుకు మేడంకి ఆయన తరఫున కూడా నమస్కారం.

మా అత్త తమ్ముడు ముచ్చటపడి చక్రాల వాకరు తెచ్చారు. మేడం వద్దన్నారు. మునివేళ్ల మీద నిలబడడం అలవాటవుతుంది, పిల్ల పడే ప్రమాదమూ ఎక్కువ, 2004లోనే కెనడాలో వాటి అమ్మకం నిషేధించారు. మామయ్యగారికి చెప్పడానికి నాకు మొహమాటమేసింది. మా అత్తే చెప్పి వెనక్కి పంపేసింది.

అత్త గురించి ఒక మాట. "నానే కదా మెచ్చుకున్నాను కుడిసెయ్యని" అని ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. నీళ్లు పోసేటప్పుడు చెయ్యి గట్టిగా ఉందని చెప్పింది ఆవిడే. ఆ మాటే లేకపోతే ఆ రోజు అక్క కూడా అంత గట్టిగా పట్టుబట్టేది కాదేమో. మోకాళ్ల నొప్పులతో రోజుకి నాలుగుసార్లు కింద కూర్చుని వ్యాయామం చేయించింది. అత్తా, ఇది చదివి వినిపించేటప్పుడు నువ్వు ఏడవకూడదు.

దసరాకి బోర్లా పడింది, అదీ ఎడం పక్క నుంచి. బొబ్బట్లు. కార్తీకంలో ఆసరా లేకుండా కూర్చుంది, కుడుములు. సవరించిన లెక్కలో ఎనిమిదిన్నర నెలలప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఒంటరిగా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి లోపలే ఉన్నాం. నడకకి ఆ హద్దు 17.6 నెలల దాకా ఉంది. పాకలేదు, కూర్చునే దేకుతోంది. పాయసం వండాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. కొందరు పిల్లలు అసలు పాకకుండానే నడుస్తారని మేడం చెప్పాక, దేకినా పాయసమే అని తేల్చాం. "త్త, త్త" అంటోంది. అత్త అంటోందని మా అత్త, తాత అంటోందని మా మావ. అందుకే పండక్కి చిలకలు తెచ్చాం. మంచం కోడు పట్టుకుని లేస్తోంది. ఎడం చేతి పట్టు ఇంకా బలహీనంగానే ఉంది. ఇంకా చాలా పని ఉందని మాకు తెలుసు.

మా ఊరి ఆటో తమ్ముడికి కూడా చెప్పాలి. ఆగస్టు నుంచి వారానికి రెండుసార్లు మమ్మల్ని నరసన్నపేటలో బస్సెక్కించి ఒక్కసారీ డబ్బులు తీసుకోలేదు. అంగన్‌వాడీ టీచరమ్మ మేం ఊళ్లో లేని రోజున కూడా పాప గుడ్లు, పాలు దాచి ఉంచింది.

మంగళవారం, శుక్రవారం మేం ఉదయం ఏడుంబావుకి నరసన్నపేట కాంప్లెక్సులో, అదే బస్టాండులో, ఉంటాం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పిల్ల ఒక పక్కే వాడుతోందనిపిస్తే, వెళ్లడానికి తోడు లేదనిపిస్తే, నాకు చెప్పండి. మడపాం వంతెన దాటేటప్పుడు పాపకి ఎడం వైపు కిటికీలోంచి వంశధార చూపించాలి కాబట్టి ఆ సీటు మాది. దాని పక్క సీటు మీకోసం పట్టి ఉంచుతాను.