గానుగ మిల్లు వాటాల గురించి రామకృష్ణకు

లండన్

ప్రియమైన రామకృష్ణకు,

ఇక్కడ మేమంతా క్షేమం. చెల్లాయి, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. రాజమండ్రిలో రెండో గానుగ మిల్లుకు కావలసిన 50 లక్షలను, ఏళ్ళ తరబడి నీ దగ్గర నువ్వుల నూనె కొంటున్న 500 మంది నుంచి తలా పదివేల చొప్పున వాటాధనంగా తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగావు. బ్యాంకు మేనేజరు చుట్టూ తిరిగే బాధ ఉండదు, వడ్డీ ఉండదు, ఇంగ్లండులో అందరూ ఇలాగే చేస్తున్నారట కదా అన్నావు. అందరూ కాదు గాని, చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాస్త పొడుగైనా వివరంగానే రాస్తాను.

ఈ పద్ధతిని ఇక్కడ ఈక్విటీ క్రౌడ్‌ఫండింగ్ అంటారు. 2011లో ఎక్సెటర్ కేంద్రంగా క్రౌడ్‌క్యూబ్, మరుసటి ఏడు లండన్‌లో సీడర్స్ అనే ఆన్‌లైన్ వేదికలు మొదలయ్యాయి. కంపెనీ తన విలువ ఇంత, కావలసిన సొమ్ము ఇంత, అందుకు బదులుగా ఇచ్చే వాటా ఇంత అని ప్రకటిస్తే, పది పౌండ్లు ఉన్నవాడు కూడా వాటా కొనవచ్చు. లక్ష్యం చేరకపోతే ఎవరి డబ్బు వాళ్ళకే ఉండిపోతుంది. చేరితే వేదిక నడిపేవాళ్ళు తమ రుసుము మినహాయించుకొని మిగిలింది కంపెనీకి ఇస్తారు. నువ్వు ఎక్కడో చదివానన్న కథ బహుశా మోంజో బ్యాంకుది. 2016లో, దాని పేరు ఇంకా మోండోగా ఉన్న రోజుల్లో, క్రౌడ్‌క్యూబ్‌లో 96 సెకన్లలో పది లక్షల పౌండ్లు పోగయ్యాయి. అయితే అదే విడతలో ప్యాషన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ 50 లక్షల పౌండ్లు పెట్టిన సంగతి ఆ కథ చెప్పేవాళ్ళకు సాధారణంగా గుర్తుండదు. పెద్దచేయి ముందు పడ్డాకనే చిన్నచేతులు లేస్తాయి. ఇక్కడ చాలా కంపెనీలు తమకు కావలసిన దాంట్లో మంచి భాగాన్ని తెలిసినవాళ్ళ దగ్గర ముందే మాట్లాడి పెట్టుకొని, ఆ తరువాతే జనం ముందుకు వస్తాయి.

జనం ఇంత ధారాళంగా పెట్టడానికి ఇంకో కారణం పన్ను. అర్హత ఉన్న కొత్త కంపెనీలో వాటా కొన్నవాడికి, పెట్టిన దానిలో 30 శాతం, మరీ చిన్న కంపెనీ అయితే 50 శాతం, ఆదాయపు పన్నులో తగ్గుతుంది. మూడేళ్ళు అమ్మకుండా ఉంటే చాలు. అలాంటి మరీ చిన్న కంపెనీలో వెయ్యి పౌండ్లు పెట్టినవాడికి నిజంగా చేతినుంచి పోయేది ఐదు వందలే అయినప్పుడు ధైర్యం దానంతట అదే వస్తుంది. ఈ రాయితీ తీసేస్తే ఇక్కడి ఉత్సాహం సగానికి సగం చల్లారుతుందని నా నమ్మకం. నీ కొనుగోలుదారులకు అలాంటి ఊరట ఏదీ లేదు.

ఇక వాటా చేతికి వచ్చాక జరిగేది చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది. చిన్న మదుపరి కొన్నది సాధారణ వాటా. తరువాత వచ్చే పెద్ద పెట్టుబడిదారు సాధారణ వాటా తీసుకోడు, ముందు తనకు ముట్టాకే మిగతావాళ్ళకు అన్న షరతుతో ప్రాధాన్య వాటా రాయించుకుంటాడు. స్కాట్లండుకు చెందిన బ్రూడాగ్ అనే బీరు కంపెనీ 2009 నుంచి తన బీరు తాగే అభిమానులకే నేరుగా వాటాలు అమ్ముతూ వచ్చింది. 2017లో టీఎస్‌జీ అనే అమెరికా సంస్థ అందులో 22 శాతం వాటాను 21.3 కోట్ల పౌండ్లకు తీసుకుంది. కంపెనీ విలువ వంద కోట్ల పౌండ్లని పత్రికలు రాస్తే అభిమానులు మురిసిపోయారు. కాని ఆ సంస్థ తీసుకున్నది ఏటా 18 శాతం చక్రవడ్డీ లెక్కన పెరిగే ప్రాధాన్య వాటా. కాగితం మీద లెక్క వేసి చూడు, వంద పౌండ్లు ఎనిమిదేళ్ళకు దాదాపు 376 అవుతాయి. కంపెనీని అమ్మితే ముందు అది తీర్చాలన్నది షరతు, ఆ తరువాతే అభిమానుల వంతు. పైగా ఇలాంటి కంపెనీల వాటాలు కావాలన్నప్పుడు అమ్ముకోవడానికి బజారు దాదాపు లేదు. చీటీ కట్టినవాడికి ఎప్పుడో ఒకనాటికి తన పాట వస్తుంది, ఇక్కడ ఆ భరోసా కూడా లేదు. నీ దగ్గర నూనె కొనే రిటైర్డ్ మాస్టారు మనవరాలి పెళ్ళికి తన పదివేలు తిరిగి కావాలంటే నువ్వు ఏం చెబుతావు?

ఇదంతా ఇంగ్లండు సంగతి. మన దేశంలో నువ్వు అడిగిన పని ఆ రూపంలో కుదరదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి వాటాలు ఇవ్వజూపకూడదు. ఆ 200 మంది కూడా ముందే పేరుపేరునా గుర్తించినవాళ్ళయి ఉండాలి, ప్రకటన ఇవ్వకూడదు. మీ అబ్బాయి తయారు చేశాడన్న వాట్సాప్ పోస్టరు ప్రకటనే అవుతుంది. ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. సహారా సంస్థలు రెండు, మావాళ్ళ దగ్గరే ప్రైవేటుగా తీసుకుంటున్నామంటూ దాదాపు మూడు కోట్ల మంది నుంచి 24 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాయి. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని 15 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వమని తీర్పు చెప్పింది. 2014లో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ క్రౌడ్‌ఫండింగ్ మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది గాని, 2016లో మాత్రం ఇలాంటి ఆన్‌లైన్ వేదికలకు అనుమతి లేదని మదుపరులను హెచ్చరించింది. నియమం తప్పితే తీసుకున్న సొమ్ము వడ్డీతో వెనక్కి ఇవ్వాలి, జరిమానా అదనం. సెబీ మరీ చాదస్తంగా ఉందని ఇక్కడి మిత్రులు నవ్వుతారు. మన జిల్లాల్లో అగ్రిగోల్డ్‌లో దాచుకున్నవాళ్ళను చూసినవాడిని కనుక నాకు నవ్వు రాదు.

కనుక నాకు తోచింది చెబుతాను. వాటా ఇవ్వాలనుకుంటే, నష్టపోయినా తట్టుకోగల పదిపన్నెండు మందిని ఎంచుకొని, తలా నాలుగైదు లక్షలు అడిగి, కంపెనీ సెక్రటరీ చేత ఆఫరు పత్రాలు సక్రమంగా రాయించు. సొమ్ము విడిగా ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడాలి, 60 రోజుల లోపు వాటాలు కేటాయించాలి. మిగతా 490 మంది దగ్గర నీకు కావలసింది వాటాధనం కాదు, ముందస్తు కొనుగోలు. ఏడాదికి సరిపడా నూనెకు ఇప్పుడే డబ్బు కట్టించుకొని, కాస్త ధర తగ్గించి, నెలనెలా డబ్బాలు పంపు. సరుకు కోసం తీసుకున్న బయానా 365 రోజుల్లో సరుకుగా చెల్లిపోతే చట్టం దాన్ని డిపాజిట్‌గా లెక్కించదు. గడువు దాటితే లెక్క మారుతుంది కనుక, నువ్వుల పంట దెబ్బతిన్న ఏడాది కూడా ఎన్ని కిలోలు ఇవ్వగలవో ముందు తేల్చుకొని, అంతకే ముందస్తు డబ్బు తీసుకో. ఆ లెక్క వేసి పంపితే నేనూ ఒకసారి చూస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు,
శ్రీనివాస్