ఆ నాలుగు మాటలు వల్లిస్తే చాలదు

సంపాదకుల గారికి నమస్కారం.

పిల్లలకు ఆత్మపరిశీలన అలవాటు కావాలంటే హవాయి దీవుల ‘హోపోనోపోనో’ అనే క్షమాపణ పద్ధతి నేర్పాలంటూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. పడుకోబోయే ముందు కళ్లు మూసుకుని ‘ఐయామ్ సారీ, ప్లీజ్ ఫర్‌గివ్ మీ, థాంక్యూ, ఐ లవ్ యూ’ అని పదేపదే అనుకుంటే చాలన్నారు. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలూ ఇదే చెబుతున్నాయి. చాలాకాలం హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. అంత మంచి పద్ధతి పిల్లలకు ఇలా సగమే అందడం నాకు బాధగా ఉంది.

హవాయి కుటుంబాల్లో ఇది ఒంటరిగా చేసే జపం కాదు. ఇంట్లో మనస్పర్థలు వస్తే అందరూ ఒకచోట కూర్చుంటారు. అందరికీ గౌరవం ఉన్న పెద్ద ఒకరు, ఎవరి పక్షమూ వహించనివారు, ముందుండి నడిపిస్తారు. మొదట ప్రార్థన. తర్వాత అసలు గొడవ ఎక్కడ మొదలైందో తేలుస్తారు. ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా ఎవరైనా ఆ పెద్దతోనే మాట్లాడాలి. కోపాలు పెరిగితే కాసేపు అందర్నీ మౌనంగా ఉండమంటారు. తప్పు చేసినవారు ఒప్పుకుని, జరిగిన నష్టాన్ని సరిచేస్తామని మాటిచ్చి, ఎదుటివారిని నేరుగా క్షమాపణ అడగాలి. వాళ్లూ మనసారా క్షమించాలి. ఇక ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. చివర్లో అందరూ కలిసి తింటారు. మన రచ్చబండ దగ్గర పంచాయితీలా తీర్పు చెప్పి జరిమానా వేసేది కాదిది.

ఈ వివరాలు మిగిలాయంటే మేరీ కవేనా పుకుయి అనే హవాయి పండితురాలి పుణ్యమే. 1896 నాటి చట్టంతో అక్కడి బళ్లలో ఇంగ్లిషే బోధనాభాష అయింది. సొంత భాష మాట్లాడిన పిల్లల్ని దండించేవారు. పెద్దలతోపాటే ఆచారాలూ కనుమరుగవుతున్న కాలంలో, అనాథ పిల్లల కోసం పనిచేసే హొనొలులులోని ఒక సంస్థతో కలిసి ఆమె వీటిని రాయించి పెట్టారు. ఎవరికి వారు చేసుకునేలా దీన్ని మార్చింది 1970లలో మోర్నా సిమియోనా అనే హవాయి సంప్రదాయ వైద్యురాలు. ఇప్పుడు మనం వింటున్న నాలుగు మాటలు ఆ తర్వాత ప్రపంచమంతా పాకాయి. వాటితో పెద్దవాళ్లకు మనశ్శాంతి దొరికితే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ తోటి పిల్లాడిని నలుగురిలో ఏడిపించినవాడు రాత్రి దుప్పటి కప్పుకుని తనలో తాను సారీ చెప్పుకుంటే, ఏడ్చిన పిల్లాడికి ఏం ఒరిగింది?

హవాయి ప్రభుత్వ బళ్లు విలువలను ఎలా చూస్తున్నాయో కూడా మనం గమనించాలి. 2015లో అక్కడి విద్యామండలి ‘నా హోపెనా ఆఓ’ అనే విధానాన్ని ఆమోదించింది. అందరూ మనవాళ్లే అన్న భావన, బాధ్యత, అలోహా (ప్రేమ, ఆదరణ) వంటివి అందులో ఉన్నాయి. అవి పిల్లలకే కాదు, టీచర్లకూ సిబ్బందికీ వర్తిస్తాయి. నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే. అక్కడ పిల్లల్ని చామ మడులకూ తీసుకెళ్తారు. వాళ్ల పురాణంలో చామ మొక్క మనిషికి అన్న. అన్న తిండి పెడతాడు, తమ్ముడు ఆ అన్నను కనిపెట్టుకుని ఉండాలి. ఆ కథ విన్న పిల్లలు మోకాలి లోతు బురదలో దిగి కలుపు తీస్తారు.

విద్యార్థుల్లో నైతిక విలువల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో సలహాదారును కూడా నియమించింది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలనిపించింది. తరగతిలో గొడవ జరిగితే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే తీరిక టీచర్లకు ఇవ్వండి. సిలబస్ టెన్షన్‌లో ఇద్దరికీ చెరో దెబ్బ వేసి పంపడమే ఎక్కువగా జరుగుతోంది. టీచర్ తొందరపడి ఒక పిల్లాడిని అనకూడని మాట అంటే, ఆ పిల్లాడి ముందే ఒప్పుకోవాలి. మీ వ్యాసానికి కొనసాగింపుగా హవాయి కుటుంబాల అసలు పద్ధతిని వివరిస్తూ మరో వ్యాసం ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కాకినాడ