సదుద్దేశానికి రక్షణ సరే, నిద్రకు వద్దు

సంపాదకుడు గారికి,

కంపెనీ డైరెక్టర్లు, మేనేజర్లు సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయాలకు చట్టంలో రక్షణ ఉండాలా అనే విషయమై మీ పత్రికలో పాఠకుల ఉత్తరాలు చూస్తున్నాను. రాసినవారిలో ఎక్కువమంది ఇది పెద్దవాళ్లను కాపాడే ఎత్తుగడ అనే తేల్చేశారు. ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. కానీ చాలా ఏళ్లు బోర్డు సమావేశాల మినిట్స్ (చర్చలు, తీర్మానాల నమోదు) రాసే ఉద్యోగం చేసినవాడిగా నాకు ఆ రక్షణ అవసరమనే అనిపిస్తుంది. దాన్ని ఎక్కడ ఆపాలన్నదే అసలు పేచీ.

కొత్త ఫ్యాక్టరీ పెట్టాలా, పోటీ కంపెనీని కొనాలా వంటి ప్రశ్నలకు సరైన జవాబు బోర్డులో ఓటింగ్ జరిగే రోజున ఎవరికీ తెలియదు. కొన్నేళ్లు గడిచాక అందరికీ తెలుస్తుంది. నష్టం వచ్చాక ఫైలు తిరగేస్తే ప్రతి కాగితంలోనూ హెచ్చరికలే కనిపిస్తాయి. లాభం వచ్చి ఉంటే అవే కాగితాలు చూసి ఎంత ముందుచూపో అనేవాళ్లం. ఫలితాన్ని బట్టే తప్పొప్పులు తేలుస్తారని తెలిస్తే మేనేజర్ సంతకం పెట్టడం మానేసి ఇంకో కన్సల్టెంట్ రిపోర్టు అడుగుతాడు. నిర్ణయం తీసుకోకపోవడం వల్ల చేజారిన డబ్బు ఏ ఆడిట్‌లోనూ బయటపడదు కాబట్టి అతనికి టెన్షన్ ఉండదు. పోయేది వాటాదారుల డబ్బే.

అమెరికాలో 1968లో ఇల్లినాయ్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో తరచూ గుర్తుకొస్తుంది. షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు అధ్యక్షుడు ఫిలిప్ రిగ్లీ తమ మైదానంలో లైట్లు పెట్టించి రాత్రి ఆటలు ఆడించడానికి ఒప్పుకోలేదు. మిగతా జట్లన్నీ రాత్రి ఆటలతో జనాన్ని రప్పించుకుంటుంటే మన కంపెనీ ఎందుకు నష్టపోవాలని ఒక చిన్న వాటాదారు కేసు వేశాడు. మోసం, స్వప్రయోజనం, చట్టవిరుద్ధమైన పని లాంటివి కనిపించనప్పుడు డైరెక్టర్ల నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చడం తమ పని కాదంటూ కోర్టు కేసు కొట్టేసింది. ఆ మైదానంలో లైట్లు వెలిగింది 1988లో! రిగ్లీది మొండిపట్టే అని నా అభిప్రాయం. అయినా ఒక కంపెనీ ఆటలు పగలు పెట్టుకోవాలా రాత్రి పెట్టుకోవాలా అని జడ్జీలు చెప్పే పరిస్థితి రాకూడదు.

అలాగని బోర్డు గదిలో జరిగిందంతా నిర్ణయం కిందికి రాదు. అమెరికాలోనే ట్రాన్స్ యూనియన్ అనే కంపెనీని అమ్మడానికి 1980లో దాని బోర్డు ఒప్పుకుంది. ఛైర్మన్ జెరోమ్ వాన్ గోర్కమ్ దాదాపు 20 నిమిషాలు నోటిమాటగా వివరించారు. కంపెనీ అసలు విలువ ఎంతో లెక్క కట్టిన కాగితం ఒక్కటీ డైరెక్టర్ల ముందు లేదు. సుమారు రెండు గంటల్లో పని ముగిసింది. ఇస్తామన్న ధర షేరుకు 55 డాలర్లు, మార్కెట్లో ఉన్నది 38 దగ్గర. చూడ్డానికి మంచి బేరమే. అయినా 1985లో డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది ఘోరమైన నిర్లక్ష్యమని తేల్చింది. చివరికి 2.35 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ధర తక్కువైందని కోర్టు వాళ్లను తప్పుపట్టలేదు, వివరాలు తెలుసుకోకుండా ఒప్పుకున్నారని తప్పుపట్టింది. డైరెక్టర్లు ఎంత బెదిరిపోయారంటే, మరుసటి ఏడాదే డెలావేర్ చట్టం మార్చింది. కంపెనీలు కావాలనుకుంటే తమ నియమావళిలో రాసుకుని, జాగ్రత్త లోపానికి డైరెక్టర్లు సొంత జేబులోంచి పరిహారం కట్టనక్కర్లేకుండా చేసుకోవచ్చు. దురుద్దేశానికి, స్వలాభానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. 2022లో దీన్ని కంపెనీల్లోని కొందరు ఉన్నతాధికారులకూ విస్తరించారు. నన్నడిగితే అది కాస్త ఎక్కువ ఉదారమే.

ఆస్ట్రేలియాలో సెంట్రో కంపెనీ 2007 లెక్కల్లో ఏడాదిలోపు తీర్చాల్సిన సుమారు 150 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అప్పును దీర్ఘకాలిక అప్పుగా చూపించారు. డైరెక్టర్లు ఆ లెక్కలను ఆమోదించేశారు. ఆడిటర్లు చూశారు కదా, సిబ్బంది చూశారు కదా అన్న జవాబును 2011లో ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. లెక్కలు స్వయంగా చదివి అర్థం చేసుకోవడం డైరెక్టర్ బాధ్యత అంది. చదవకపోవడాన్ని వ్యాపార నిర్ణయం అని ఎలా అంటాం?

ఇక మన చట్టం. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టర్ సదుద్దేశంతో, తగిన జాగ్రత్తతో, స్వతంత్ర ఆలోచనతో పనిచేయాలంటుంది. అలా చేసినవాడికి రక్షణ ఏమిటో అక్కడ చెప్పదు. 463వ సెక్షన్ ప్రకారం నిజాయితీగా, సహేతుకంగా నడుచుకున్న కంపెనీ అధికారిని కోర్టు విడిచిపెట్టవచ్చు. అది కోర్టు దయ. సాధారణంగా కేసు, లాయర్లు, పరువు, ఏళ్ల తరబడి ఎదురుచూపు అన్నీ అయ్యాక దొరికేది. జర్మనీ 2005లో తన చట్టంలో వేరే దారి పట్టింది. తగిన సమాచారం ఆధారంగా, కంపెనీ మేలు కోసమే చేస్తున్నానని సహేతుకంగా నమ్మి నిర్ణయం తీసుకుంటే అసలు బాధ్యత ఉల్లంఘనే జరగనట్టు లెక్క. కాకపోతే ఆ విషయం రుజువు చేసుకోవాల్సింది మేనేజరే. నాకు ఇదే న్యాయంగా కనిపిస్తుంది. కాగితాలన్నీ అతని బీరువాలో ఉంటే, బయటున్న చిన్న వాటాదారు ఎక్కడి నుంచి తెచ్చి రుజువు చేస్తాడు?

దక్షిణ కొరియాలో 2025లో డైరెక్టర్లు కంపెనీకే కాక వాటాదారులకూ విశ్వాసంగా ఉండాలని చట్టం సవరించగానే, నమ్మకద్రోహ నేరం కింద జైలు భయం పెరిగిందని, నిర్ణయాలకు రక్షణ చట్టంలోనే రాయాలని పరిశ్రమ వర్గాలు పట్టుబట్టాయి. క్రిమినల్ కేసుల విషయంలో వాళ్లతో ఏకీభవిస్తాను. సొంతానికి పైసా తీసుకోని మనిషిని నష్టం వచ్చిందన్న ఒక్క కారణంతో పోలీసు విచారణకు ఈడ్చడం ఏ వ్యాపారానికీ మంచిది కాదు. తన బంధువుల సంస్థకు కాంట్రాక్టు కట్టబెట్టినవాడికి మాత్రం ఈ రక్షణ గడప దగ్గరే ఆగాలి.

మినిట్స్ సంగతి కూడా చెప్పాలి. రక్షణ కాగితం మీద ఆధారపడితే కాగితాలే తయారవుతాయి. “సుదీర్ఘంగా చర్చించిన మీదట” అనే మాట పది నిమిషాల్లో ముగిసిన అంశానికి కూడా రాసేస్తారు. అందుకే తీర్మానంతో పాటు డైరెక్టర్లకు కాగితాలు ఏ రోజు అందాయి, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఎవరు ఎందుకు వ్యతిరేకించారు అన్నది నమోదు చేస్తేనే రక్షణ దొరకాలని చట్టంలో రాయాలి. కేసు వచ్చినప్పుడు ఆ పేజీలను వాటాదారు చూసే హక్కు కూడా అందులోనే ఉండాలి. వ్యాపార రహస్యాలని అడ్డుచెబితే, ఏవి మూసి ఉంచాలో కోర్టు తేలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కంపెనీ సెక్రటరీ