పక్క సీటు అన్నకు థ్యాంక్స్

అన్నా, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, కానీ థ్యాంక్స్ మాత్రం అందరి ముందే చెప్తాను. కాకతీయ యూనివర్సిటీలో ఎంకామ్ చదువుతూ హనుమకొండలో ఒక కంపెనీ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌గా చేరేనాటికి నాకు జీఎస్టీ అంటే పరీక్షలో రాసే జవాబు, అంతే. నెలనెలా 14న జీఎస్టీఆర్-2బి, అంటే సప్లయర్లు మన పేరు మీద చూపించిన బిల్లుల లిస్టు, రాగానే దాన్ని పర్చేజ్ రిజిస్టర్‌తో సరిచూడాలని, సప్లయర్ తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో మన బిల్లు చూపించకపోతే అతనికి మనం పన్నుతో సహా డబ్బు కట్టేసినా క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రాదని, పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో బిల్లూ తీసి చూపించారు. ఒక బిల్లు ఎంతకీ కలవకపోతే, నంబర్‌లో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' పడిందని మీరే పట్టారు. ఏం కన్ను అన్నా మీది! 20వ తేదీ దగ్గరపడి, నెలవారీ పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి వేయాలని ఆఫీసంతా టెన్షన్‌లో ఉన్నా, ఫోన్ మీద ఫోన్ వస్తున్నా, నేను డౌట్ అడిగితే ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంటర్న్ అంటే జిరాక్సులకే అనుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు లెండి. చాయ్ డబ్బులు కూడా ఎప్పుడూ ఇవ్వనివ్వలేదు, అది మాత్రం బాగాలేదు. మా జూనియర్ ఒకడు వచ్చే నెల అక్కడే చేరుతున్నాడు, వాడినీ కాస్త చూసుకోండి.