పన్ను రేటు మారకముందే మా మాట వినండి: రాష్ట్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారములు.

కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చుని వస్తు సేవల పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ మండలి సమావేశానికి వెళ్లే ముందు జిల్లాల్లోని వర్తక సంఘాలను, చిన్న ఉత్పత్తిదారుల సంఘాలను పిలిపించి వారి వాదన వినడాన్ని ప్రభుత్వం ఒక నియమంగా పెట్టుకోవాలని, బట్టల వ్యాపారిగా మిమ్మల్ని కోరుతున్నాను.

2021లో జరిగింది గుర్తుచేస్తాను. అప్పట్లో పాలియెస్టర్ వంటి కృత్రిమ ఫైబర్ మీద 18 శాతం, దాని నూలు మీద 12 శాతం, నేసిన బట్ట మీద 5 శాతం పన్ను ఉండేది. ముడిసరుకుకు కట్టిన పన్ను అమ్మకంలో పూర్తిగా సర్దుబాటు కాక మరమగ్గాల వారి పెట్టుబడి ఇరుక్కుపోయేది కాబట్టి ఆ చిక్కును సరిచేయాల్సిందే. అయితే దాన్ని సరిచేసే పేరుతో బట్ట మీద పన్నును 12 శాతానికి పెంచుతూ నవంబరు 18న నోటిఫికేషన్ ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలు అన్నారు. అంటే సంక్రాంతి బేరానికి సరిగ్గా రెండు వారాల ముందు. 800 రూపాయల పాలియెస్టర్ చీర మీద 40 రూపాయల పన్ను 96 అవుతుంది. ధర చీటీలు అంటించి బీరువాల్లో సర్దిన పండుగ సరుకును కొత్త రేటుకు అమ్మాలంటే ఆ 56 రూపాయలు కొనేవారైనా భరించాలి, దుకాణదారుడైనా వదులుకోవాలి.

దేశమంతటా వస్త్ర సంఘాలు వినతిపత్రాలు ఇచ్చాయి, గుజరాత్ సహా పలు రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి, చివరికి డిసెంబరు 31న, అమలుకు ఒక్క రోజు ముందు, మండలి ఆ పెంపును వాయిదా వేసింది. బట్టతో పాటే పన్ను పెంచిన వెయ్యి రూపాయల లోపు చెప్పులకు మాత్రం ఆ ఊరట దక్కలేదు. వాటి మీద 12 శాతం 2025 సెప్టెంబరు 22 దాకా కొనసాగింది. బట్ట మీద పన్ను పెంచే బదులు ముడిసరుకు మీద దించమని వస్త్ర సంఘాలు అడుగుతూ వచ్చిన పరిష్కారమే అదే రోజు అమల్లోకి వచ్చింది: ఫైబర్, నూలు రెండూ 5 శాతానికి దిగాయి. ఈ మాట 2021లో నోటిఫికేషన్ రాకముందే చెవిన పడి ఉంటే అంత అలజడి ఎందుకు?

మండలిలో నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల ఓట్ల బలం కావాలి, మొత్తం ఓట్ల బలంలో రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. కనుక మీ మాటకు విలువ ఉంది. 1917 నాటి నుంచి హైదరాబాద్‌లో ఉన్న వాణిజ్య, పరిశ్రమల సమాఖ్యకు సచివాలయానికి దారి తెలుసు. మరమగ్గాలు నడిపించే సిరిసిల్ల ఆసామికి, వరంగల్‌లో చిన్న దుకాణం నడిపేవారికి ఆ దారి తెలియదు. సంఘాల్లోనూ పెద్ద వ్యాపారుల గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. అందుకే సంఘాల పెద్దలనే కాక మగ్గాల కార్మికుల ప్రతినిధులను, చిన్న దుకాణదారులను కూడా పిలవండి. వచ్చిన వినతులన్నిటినీ ప్రజల ముందు పెట్టండి. వేటిని మండలికి తీసుకువెళ్లారో, వేటిని ఎందుకు పక్కన పెట్టారో రాతపూర్వకంగా తెలియజేయండి. అప్పుడు ఏ సంఘం ఎవరి కోసం మాట్లాడిందో కూడా అందరికీ తెలుస్తుంది.

మండలి తదుపరి సమావేశానికి ముందే కరీంనగర్, వరంగల్, సిరిసిల్లలలో ఇటువంటి సమావేశాలు ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక వస్త్ర వ్యాపారి