సెల్ఫీ అక్షరాలు చాలు, ముందు కుళాయిలు పెట్టండి

సంపాదకులు గారికి,

సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, పత్రికలన్నీ (మీది కూడా) 'ఫలానా నగరంలో ఒక్క రోజులో చూడాల్సిన పది చోట్లు' అని పేజీలు నింపేస్తాయి. ఫొటోలు బావుంటాయి, కాదనను. కానీ ఆ పదిట్లో ఏది ఏ రోజు మూసి ఉంటుందో ఒక్క ముక్క ఉండదు. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం తెరవరు, నదికి అవతలి ఒడ్డునున్న ఓర్సే మ్యూజియం సోమవారం తెరవరు. ఇవి తెలియక పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని గేటు దాకా వెళ్లి ఉసూరుమంటూ వెనక్కి తిరిగేవాళ్లకి మీ ఫొటోలు ఏం పనికొస్తాయి?

అయినా పది చోట్లు ఒక్క రోజులో ఎవరు చూడగలరండీ? ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అరగంట దూరం అనుకున్నా నాలుగున్నర గంటలు బండిలోనే పోతాయి, క్యూలు వేరే. ఇక మిగిలేది ఫొటో దిగడం, పరుగెత్తడం. నన్నడిగితే పొద్దున్నే తలుపులు తీసే వేళకి ఒక్క పెద్ద చోటు తీరిగ్గా చూసి, ఎండ వేళ ఎక్కడైనా నీడన కూర్చుని, సాయంత్రం ఏదో ఒక పాత పేటలో నడుచుకుంటూ తిరగడం మేలు. టికెట్ లేని చోట్లే ఒక్కోసారి ఊరిని బాగా చూపిస్తాయి. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది చూడండి, 1997 నుంచి దానికి టికెట్ లేదు, ఊళ్లోవాళ్లు ఉద్యోగాలకి వెళ్లొచ్చే పడవ అది, ఎక్కితే పాతిక నిమిషాల దారిలో స్వేచ్ఛా విగ్రహం కూడా కనిపిస్తుంది. మన జాబితాల్లో ఇలాంటివి ఎప్పుడో గానీ రావు.

తప్పంతా పత్రికలదే అనను. నగరాలు నడిపేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! ఎక్కడికెళ్లినా ఇప్పుడు మనిషెత్తు అక్షరాలతో 'ఐ లవ్' అని ఊరి పేరు, దానికి రంగు లైట్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం ముందు అలాంటి అక్షరాలే ఉండేవి, జనం తాకిడి ఎక్కువైందని కూడా 2018 డిసెంబరులో వాళ్లే తీయించేశారు. రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్ల దగ్గర వెనిస్ 2024లో ప్రవేశ రుసుము వసూలు మొదలుపెట్టింది. జనాన్ని ఒకే చోటికి రప్పించడం అంత కష్టమేం కాదన్నమాట. వచ్చినవాళ్లు నీళ్లు ఎక్కడ తాగాలి, బాత్రూమ్‌కి ఎక్కడికి పోవాలి, అది చూడాలి ముందు. బాత్రూమ్ దొరకదన్న టెన్షన్‌తో రోజంతా గుక్కెడు నీళ్లు తాగకుండా తిరిగే ఆడవాళ్లు ఎంతమందో ఈ పనులు చేసేవాళ్లకి తెలుసో లేదో.

రోమ్ నగరంలో 1874 నుంచీ వీధి కుళాయిలున్నాయి, ఇప్పటికీ దాదాపు రెండున్నర వేలు, తాగే నీళ్లు ఉచితంగా ధార కడుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, గ్లాసు కూడా అక్కర్లేదు. లండన్‌లో కాలినడకన తిరిగేవాళ్ల కోసం వీధుల్లో మ్యాపు బోర్డులు పెట్టారు. మనం ఎటు చూస్తూ నిలబడ్డామో మ్యాపు కూడా అటే తిరిగి ఉంటుంది, అయిదు నిమిషాల్లో ఎంత దూరం నడవచ్చో, పదిహేను నిమిషాల్లో ఎంత దూరమో గుండ్రంగా గీత గీసి చూపిస్తారు. ఇదేమైనా అంతరిక్ష విజ్ఞానమా?

ఇంకో గొడవ సామాన్లది. హోటల్ గది మధ్యాహ్నానికే ఖాళీ చేయాలి, రైలేమో రాత్రికి. ఆ మధ్య వేళంతా సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఏం చూస్తాం? క్లోక్ రూమ్ ఎక్కడుందో, ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో ఊళ్లోకి దిగగానే కనబడేలా రాసిపెడితే సగం రోజు కలిసొస్తుంది.

మిమ్మల్ని అడిగేది చిన్నదే. యాత్రా కథనం వేసినప్పుడు పక్కన ఒక చిన్న పెట్టె కట్టి సెలవు రోజు, చివరి టికెట్ ఎన్నింటికిస్తారు, మెట్లెక్కలేనివాళ్లు వెళ్లగలరా, నీళ్లూ బాత్రూమ్ ఎక్కడ, సామాను ఎక్కడ పెట్టుకోవచ్చు, ఇవి వేయండి. చోటు చాలకపోతే ఫొటో ఒకటి తగ్గించినా ఫర్వాలేదు.

మీ పాఠకురాలు