కాలువ పగులుకు సిమెంటు పాలు మందు కాదు

సంపాదకులకు,

నైరుతి వానల ముందు ఏ వీధిలో చూసినా ఇదే పని. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న వాననీటి కాలువ పగిలిందని తాపీ మేస్త్రిని పిలుస్తారు. ఆయన పగులు మీద సిమెంటు పాలు, అంటే నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు, పోసి, తాపీతో నున్నగా రుద్ది వెళ్తాడు. రెండు గట్టి వానలకే అది మళ్లీ నోరు తెరుస్తుంది. అందులోంచి దిగిన నీరు పునాది పక్కకు చేరుతుంది. గది గోడ అడుగున పెచ్చులూడి ఉప్పు పూస్తే జనం పెయింటు మారుస్తారు గానీ బయటి కాలువను చూడరు.

గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద మూడంగుళాల కాంక్రీటు పగలక ఏం చేస్తుంది? దానికి తోడు పందికొక్కులు కింద మట్టి తోడేస్తాయి. కడ్డీతో కాలువ అడుగును తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద మట్టి లేదన్నమాట, అక్కడ పైపూత దండగ.

పగిలిన మేర పూర్తిగా కొట్టేయాలి. పాత కాంక్రీటు అంచులు నిటారుగా తెగాలి, అరిగిపోయి పల్చబడ్డ అంచు కొత్తదాన్ని పట్టదు. అడుగున ఒక అడుగు లోతు నల్లమట్టి తీసి ఎర్ర గ్రావెల్ నింపాలి. ఒకేసారి పోయకుండా ఆరేసి అంగుళాల చొప్పున రెండు పొరలు పోసి, తడిపి దిమ్మిస కొట్టాలి. చవకని ఇసుక నింపేవాళ్లున్నారు, అది పొరపాటు. రేగడి మధ్య ఇసుక నీటిని పట్టి ఉంచే తొట్టి అవుతుంది, చుట్టూ మట్టి ఇంకా ఉబ్బుతుంది.

తర్వాత వాటం, అంటే నీరు పారే వాలు. పది అడుగులకు ఒకటిన్నర అంగుళం దిగాలి. కంటితో కాదు, నీళ్లు నింపిన లెవెల్ పైపుతో చూసి రెండు చివర్లా గుర్తు పెట్టి దారం కట్టాలి. కాంక్రీటు పాళ్లు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర), కంకర 20 ఎంఎం. నీళ్లు సిమెంటు బస్తాకు 25 లీటర్లు దాటనివ్వకండి. పని తేలికవుతుందని జారుగా కలిపితే ఆరాక సన్నని పగుళ్లు వస్తాయి. పది అడుగుల ముక్కకు, 15 అంగుళాల వెడల్పున మూడంగుళాల మందం అడుగు, పక్కల ఆరంగుళాల ఎత్తు ఇటుక, లోపల 1:3 (సిమెంటు, ఇసుక) పూత, అన్నిటికీ కలిపి ఒకటిన్నర బస్తాల సిమెంటు, 60 ఇటుకలు సరిపోతాయి. పాత అంచును కడిగి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే కాంక్రీటు వేయాలి. సిమెంటు పాలకు అసలు చోటు అదే. కాలువను ఇంటి గోడకు అతికించకండి. ఇల్లు, కాలువ ఒకేలా దిగవు. అర అంగుళం సందు వదిలి తారు నింపండి. పొడవైన కాలువకు ప్రతి పది అడుగులకూ ఇలాంటి సందే ఉండాలి.

రోహిణి కార్తె ఎండలో అయితే సాయంత్రం పోసి, తెల్లారి నుంచి గోనె సంచులు కప్పి తడపాలి. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుకు పది రోజులు తడపడం తప్పదు.

డాబా పైపు దిగే చోటును అందరూ మర్చిపోతారు. వంద చదరపు గజాల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 800 లీటర్లకు పైగా నీరు. అదంతా నాలుగంగుళాల పైపులోంచి ఒకే చోట పడితే పూత గుంటపడక మానదు. పైపు కింద నీరు పారే వైపుకు తిప్పిన బెండు (వంపు పైపు ముక్క) బిగించి, దాని కింద అడుగు చదరం కడప బండ పరచాలి.

ఇంత చేసినా ఒక్క లోపం ఇంటివాళ్ల చేతిలో లేదు. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పరుస్తున్నారు. ప్రతిసారీ వీధి మట్టం నాలుగైదు అంగుళాలు లేస్తుంది, వీధి కాలువను కూడా దానికి తగ్గట్టే ఎత్తు కడతారు. ఇంటి కాలువ చివర దానికన్నా పల్లమైతే ఎంత వాటం ఇచ్చినా నీరు వెనక్కే తన్నుతుంది. మున్సిపల్ ఇంజినీర్లు పాత రోడ్డు తవ్వించి, ప్రతి ఇంటి కాలువ అడుగు మట్టం కొలిచాకే కొత్తది పోయించాలి. వీధి కాలువ అడుగు వాటికన్నా రెండంగుళాలైనా కిందికి ఉండేలా అంచనాల్లోనే రాయాలి.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్, గుంటూరు